పల్లం ఎరగని చట్టం
పర్యావరణ అధ్యయనాల చరిత్రలో దళిత నేల

“నీరు పల్లమెరుగు” అనే సామెత మన ఊళ్లల్లో అందరికీ తెలుసు. ఆ పల్లంలో ఎవరి ఇళ్లు ఉన్నాయో మాత్రం సామెత చెప్పదు. కోస్తా డెల్టాలో మేము పుట్టిన పల్లె మురుగు కాలువ గట్టు కింద ఉంటుంది. ఊరు మెరక మీద ఉంటుంది. ముసురు పట్టిందంటే మా నాయనమ్మ రాత్రిపూట మంచం మీద నుంచి చెయ్యి కిందికి దించి నేల తడిమి చూసేది. తడి తగిలిందా, పిల్లల్ని లేపి, బియ్యం డబ్బా, రేషన్ కార్డు చంకన పెట్టుకొని బడి అరుగు మీదికి నడిచేది. మాకు తెలిసినంతలో మా పల్లెలో జరిగిన పర్యావరణ అధ్యయనం అదొక్కటే.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేము. ‘పర్యావరణ ప్రభావ అంచనా’ అనే మాట యూనివర్సిటీకి వచ్చాకే విన్నాం. ఫ్యాక్టరీ కట్టాలన్నా, రేవు కట్టాలన్నా, తీరంలోనో చిత్తడి నేలలోనో ఏదైనా లేపాలన్నా ముందు ఆ నేలను చదవాలి, గాలినీ నీటినీ పరీక్షించాలి, చుట్టుపక్కల జనాన్ని అడగాలి అని చట్టం ఉందట. మంచి చట్టమే గదా అనుకున్నాం. తర్వాత రిపోర్టులు తెప్పించుకొని చదవడం మొదలుపెట్టాం. ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల మేర పక్షులెన్ని, చెట్లెన్ని, దుమ్మెంత అని రాసి ఉంటుంది. జనాభా లెక్కల నుంచి ఎత్తిరాసిన ఒక పట్టికలో షెడ్యూల్డ్ కులాలు ఇంతమంది అని ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఏ పల్లంలో బతుకుతోంది, ఏ నీళ్లు తాగుతోంది, ఎవరి చేలో కూలికి పోతోంది అనేది మేము చదివిన రిపోర్టుల్లో కనబడలేదు.

ఈ వ్యాసంలో మేము మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాం. నేలను ఎవరు చదివారు? ఎవరిని అడిగారు? అధ్యయనం తప్పినప్పుడు నష్టం ఎవరి మీద పడింది?

1. చట్టం పుట్టిన తీరు

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో విషవాయువు ముందుగా కమ్మింది ఫ్యాక్టరీ పక్కన ఉన్న పేదల బస్తీలను. దాని తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టం కిందనే 1991 ఫిబ్రవరి 19న తీర ప్రాంత నియంత్రణ మండలి నోటిఫికేషన్ ఇచ్చారు. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా ఏం కట్టవచ్చో, ఏం కట్టకూడదో అందులో రాశారు. అదే 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను ఊచకోత కోసి, శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో, కాలువల్లో పడేశారు. ఈ రెండు సంగతులనూ ఒకచోట పెట్టి ఏ పర్యావరణ చరిత్రకారుడూ రాయడు. కానీ డెల్టాలో మురుగు కాలువ అంటే దళితుడికి ఏమిటో తెలియకుండా డెల్టా పర్యావరణ చరిత్ర రాయడం ఎట్లా?

1994 జనవరి 27న పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ వచ్చింది. అంతకుముందు నదీలోయ ప్రాజెక్టుల వంటి వాటికి ప్రభుత్వమే లోలోపల జరుపుకునే పరిశీలన, దీంతో చట్టబద్ధమైన షరతు అయింది. సరిగ్గా పదిహేను రోజులకు, 1994 ఫిబ్రవరి 11న, అమెరికాలో అధ్యక్షుడు క్లింటన్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. పర్యావరణ నిర్ణయాల వల్ల నల్లవాళ్ల మీద, ఇతర మైనారిటీల మీద, పేదల మీద అధికంగా పడే హానిని గుర్తించి సరిదిద్దాలని ఆ ఉత్తర్వు అన్ని ప్రభుత్వ శాఖలనూ ఆదేశించింది. అది ఊరికే రాలేదు. 1982లో ఉత్తర కరొలినాలోని వారెన్ కౌంటీలో, తమ మధ్య విషపు చెత్త పూడ్చడానికి వస్తున్న లారీలకు అడ్డంగా నల్లజాతి జనం రోడ్డు మీద పడుకున్నారు. వందల మంది అరెస్టయ్యారు. 1987లో ఒక చర్చి సంస్థ దేశమంతా లెక్క తీసి, విషపు చెత్త ఎక్కడ వేస్తున్నారో చెప్పడానికి జనం ఆదాయం కన్నా జాతే మెరుగైన ఆధారమని చూపించింది. ఆ ఉత్తర్వును 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసింది. అయినా ముప్పై ఏళ్లపాటు అక్కడి అధికారి ఆ ప్రశ్నకు కాగితం మీదైనా సమాధానం రాయాల్సి వచ్చింది. మన నోటిఫికేషన్ మాత్రం కులం వైపు నుంచి ప్రభావాన్ని అంచనా వేయమని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

ప్రజాభిప్రాయ సేకరణ 1994లో తప్పనిసరి కాదు. 1997 ఏప్రిల్ 10 సవరణతో అయింది. పెద్ద భవనాలు, కాలనీలు 2004 జులైలో చట్టం కిందికి వచ్చాయి. 2006 సెప్టెంబరు 14న పాత నోటిఫికేషన్ పోయి కొత్తది వచ్చింది. ఇందులో కట్టడాలకు 20,000 చదరపు మీటర్ల హద్దు పెట్టారు. ఆ పైన ఉన్నవే అనుమతి తీసుకోవాలి. టౌన్‌షిప్‌లకూ భవనాలకూ జనాన్ని అడగక్కర్లేదని అందులోనే మినహాయించారు. అధ్యయనం చేసే కన్సల్టెంటును కుదుర్చుకునేదీ, డబ్బిచ్చేదీ ప్రాజెక్టు కట్టేవాడే. రిపోర్టు ఇంగ్లీషులో, సారాంశం మాత్రం తెలుగులో. పొలం కొనేవాడే సర్వేయరుకు బత్తెం ఇచ్చి కొలిపిస్తే గట్టు ఎటు జరుగుతుందో మన రైతుకూలీలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

2. వెలివాడ నుంచి సుప్రీం కోర్టు దాకా

తీరంలో ఏదైనా పెట్టేముందు కఠినమైన పర్యావరణ పరీక్ష జరగాలని మన దేశంలో గట్టిగా చెప్పిన తీర్పు 1996 డిసెంబరు 11 నాటి రొయ్యల చెరువుల తీర్పు. లా కాలేజీల్లో దీన్ని జగన్నాథ్ కేసు అని చెబుతారు. ఆ కేసు వేర్లు ఎక్కడున్నాయో చెప్పరు.

1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో కూలి పెంచమని అడిగిన నేరానికి 44 మంది దళితులను ఒక గుడిసెలో తగలబెట్టారు. ఆ తర్వాత అక్కడికి వెళ్లి నిలబడిన సర్వోదయ కార్యకర్తలు కృష్ణమ్మాళ్, జగన్నాథన్ దంపతులు. కృష్ణమ్మాళ్ దళిత కుటుంబంలో పుట్టిన మనిషి. 1981లో వాళ్లు పెట్టిన ‘లాఫ్టి’ సంస్థ భూస్వాముల దగ్గర భూములు కొనిపించి, వేల దళిత కుటుంబాలకు, ఆడవాళ్ల పేర ఎకరం చొప్పున ఇప్పించింది. 1990ల్లో ఆ చుట్టుపక్కలకే రొయ్యల కంపెనీలు వచ్చాయి. పక్క పొలం చెరువైంది. ఉప్పు ఊరి వరిమడి చౌడుబారింది. తాగే నీళ్లు చెడ్డాయి. ఒక తరం రక్తం ధారపోసి సంపాదించిన ఎకరం, ఎవరూ లాక్కోకుండానే పోయే పరిస్థితి వచ్చింది. జగన్నాథన్ సుప్రీం కోర్టుకు వెళ్లింది ఈ స్థితిలోనే. మనం పర్యావరణ కేసు అని పిలిచేది ఆ ఊళ్లల్లో భూమి కేసు, కూలి కేసు.

కోర్టు నాగపూర్‌లోని ‘నీరీ’ సంస్థ చేత ఆంధ్ర, తమిళనాడు తీరాలను పరిశీలింపజేసింది. చెరువుల మీద వచ్చే రాబడి కన్నా అవి చేసే నష్టం ఎక్కువని తేలింది. నెల్లూరు జిల్లాలో కుర్రు అనే గ్రామంలో ఆరువందల మంది మత్స్యకారులకు తాగడానికి నీళ్లు లేకుండా పోయి, జనం ఆందోళన చేశాకే ట్యాంకర్లు వచ్చాయని తీర్పులోకి ఎక్కింది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సాగిర్ అహ్మద్ ఇచ్చిన ఆ తీర్పు తీర మండలిలో ఉన్న చెరువులను 1997 మార్చి 31 లోగా తీసెయ్యమంది. సంప్రదాయ పద్ధతి చెరువులను మినహాయించింది. సాగుభూములు, ఉప్పుమడులు, మడ అడవులు, చిత్తడి నేలలు, ఊరుమ్మడి భూములు రొయ్యల చెరువులుగా మార్చకూడదంది. ఇకమీదట చేసే పరీక్షలో ఆ ప్రాంతంలోని వేరువేరు శ్రేణుల ప్రజల మీద పడే సామాజిక ప్రభావాన్ని కూడా చూడాలంది. మూతపడే చెరువుల్లో పనిచేసే కూలీలకు చట్టప్రకారం వచ్చే పరిహారం గాక ఆరేళ్ల జీతం అదనంగా ఇవ్వాలంది. ఈ చివరి రెండు మాటలనూ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. మళ్లీ వాటి దగ్గరికి వస్తాం.

తీర్పు అమలు కాలేదు. రివ్యూ పిటిషన్లు పడ్డాయి, చెరువులు నిలిచాయి. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీర నోటిఫికేషన్‌లోని నిషేధం రొయ్యల సాగుకు వర్తించదని, అది 1991 ఫిబ్రవరి 19 నుంచే అలా ఉన్నట్టు భావించాలని అందులో రాశారు. అంటే కోర్టు తప్పని చెప్పిన పని, చేసిన రోజు నుంచే ఒప్పయిపోయింది. ఆ చట్టం కింది మార్గదర్శకాల్లో ప్రభావ అధ్యయనం నలభై హెక్టార్లు, అంటే సుమారు వంద ఎకరాలు దాటిన చెరువులకే పెట్టారు. డెల్టాలో తిరిగినవాడికి ఇందులోని కిటుకు తెలుసు. అయిదెకరాలు, పదెకరాలుగా పది పేర్ల మీద పక్కపక్కనే తవ్వుతారు. ఏ ఒక్క చెరువుకూ అధ్యయనం ఉండదు. అన్నిటి నీళ్లూ కలిసి ఒకే మురుగు కాలువలోకి వస్తాయి. ఆ గట్టు కింద మా పల్లె. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఉల్లంఘించిన వాళ్లకున్న జైలుశిక్ష కూడా తీసేశారు.

మా నాన్నకు ప్రభుత్వం ఇచ్చిన ఎసైన్డ్ ఎకరం ఒకటుండేది. 1977 చట్టం ప్రకారం అప్పట్లో దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. చుట్టూ ఉన్న మూడు వైపులా చెరువులైనాక నాలుగో వైపు వరి పండదు. చివరికి ఏడాదికింత అని లీజుకిచ్చాం. పట్టా మా పేర, గట్టు వాళ్ల పేర. వరి ఉన్నప్పుడు నాట్లకూ కలుపులకూ కోతలకూ పల్లెలో ఆడవాళ్లంతా కదిలేవాళ్లు. చెరువుకు కాపలాదారు ఒకడు, మేత చల్లేవాడు ఒకడు చాలు. పోయిన ఆ పనిదినాలను ఏ రిపోర్టులో చూపించాలి? అధ్యయనమే లేదు గనుక చూపించే కాలమ్ కూడా లేదు.

3. ‘బంజరు’ అనే మాట

రెండో ప్రశ్న, నేలకు పేరు పెట్టేది ఎవరు అనేది. శ్రీకాకుళం జిల్లాలో సోంపేట దగ్గర చిత్తడి నేలలను జనం ‘బీల’ అంటారు. కాకరాపల్లి దగ్గర ‘తంపర’ అంటారు. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లుండే నేల. చేపలు, గడ్డి, పశువుల మేత, చుట్టూ పొలాలకు తడి అన్నీ దాని మీదే. దగ్గరలో తేలినీలాపురానికి కొంగలు, గూడబాతులు వస్తాయి. ఇలాంటి చోట రెండు బొగ్గు విద్యుత్ కేంద్రాలు, ఒక్కోటీ 2,640 మెగావాట్లవి, కట్టడానికి పూనుకున్నారు. నేల పనికిరాని బంజరనే మాట మీదే అనుమతులు నడిచాయి.

‘బంజరు’ అన్నది రెవెన్యూ మాట. శిస్తు రానిది బంజరు. బ్రిటిష్ వాళ్లు శిస్తు లెక్క కోసం వాడిన పేరు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా అడంగల్‌లో నిలిచింది. పట్టా లేనివాడు పశువును మేపుకునేదీ, పుల్ల ఏరుకునేదీ, చేప పట్టుకునేదీ బంజరులోనే. అంటే భూమి లేని కులాల భూమి అది. వాళ్లకు కాగితం లేదు గనుక ఆ నేలకు విలువ లేదని రాసేశారు. పర్యావరణ కన్సల్టెంటు వచ్చి అదే అడంగల్‌ను ఎత్తిరాస్తే శాస్త్రీయ అధ్యయనం అయిపోయింది.

2010 జులై 14న సోంపేటలో మత్స్యకారులు, సన్నకారు రైతులు, కూలీలు అడ్డంగా నిలబడ్డారు. ఆడవాళ్లు ముందున్నారు. పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. చిత్తడి నేలను చిత్తడి నేల అని చెప్పడానికి ఒక కోర్టు కాగితమూ, కొన్ని ప్రాణాలూ ఒకే రోజున కావాల్సి వచ్చాయి. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. ఆ తర్వాతే కేంద్ర పర్యావరణ శాఖ పని ఆపమని ఆదేశించింది. మొదటే ఆ నేల మీద తిరిగే మనిషిని అడిగి ఉంటే, అక్కడ నీళ్లు ఎన్ని నెలలుంటాయో నిమిషంలో చెప్పేవాడు.

కట్టేసి తర్వాత అనుమతి తెచ్చుకునే దారి కూడా ఉంది. 2017 మార్చిలో కేంద్రం అందుకు నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 మే నెలలో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది నవంబరులో ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు మరోవైపు ఉండగా ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. డబ్బున్నవాడికి తర్వాతైనా అనుమతి వస్తుంది. పోరంబోకులో గుడిసె వేసుకున్న వాడికి తర్వాత వచ్చేది బుల్డోజరు.

4. కొల్లేరు చెప్పిన పాఠం

అయితే పర్యావరణాన్ని కాపాడటమంటే మనకు మేలేనా? ఇక్కడ మనం తొందరపడకూడదు. 1976లో కొల్లేటి నేలను మత్స్యకారుల సంఘాలకు, షెడ్యూల్డ్ కులాల సంఘాలకు చెరువులు తవ్వుకోమని ప్రభుత్వమే ఇచ్చింది. తర్వాత డబ్బున్న కులాలు లీజుల పేరిట దిగాయి. సరస్సు చెరువుల కుప్ప అయింది. 1999 అక్టోబరులో జీవో 120 ద్వారా అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. సుప్రీం కోర్టు ఆదేశాల మీద 2006లో గట్లు పేల్చారు, తెంపారు.

కొల్లేరు బతకాలి. ఆ మాట మీద మాకు రెండో అభిప్రాయం లేదు. కొల్లేరు నిండితే ముందు మునిగేది లంక గ్రామాల్లోని పేదల ఇళ్లే. కానీ పెద్దవాడి నూరెకరాల గట్టూ, సంఘం చెరువులో ఒక దళిత కుటుంబానికి ఉన్న వాటా గట్టూ ఒకే పేలుడులో పోయాయి. పెద్దవాడు ఆ పెట్టుబడి తీసుకుపోయి ఇంకో మండలంలో చెరువు తవ్వాడు. దళిత కుటుంబానికి తిరిగి పోవడానికి ఏముంది, కూలి తప్ప? 1996 తీర్పులో ఆరేళ్ల జీతం అన్న మాట ఉంది గదా, పదేళ్ల తర్వాత కొల్లేటిలో అది ఎందుకు వినపడలేదు? ప్రాజెక్టు కట్టేటప్పుడు సామాజిక ప్రభావం ఎలా చూడాలో, కట్టింది కూల్చేటప్పుడూ అలాగే చూడాలని మన పర్యావరణ మిత్రులు అడగలేదు. అడగాల్సింది మనం.

5. ఇక చేయవలసింది

1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. సర్కారు లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. పక్కా మేడ ఎక్కినవాడు బతికాడు. తాటాకు గుడిసెలో, పల్లంలో ఉన్నవాడు పోయాడు. ఆ తర్వాత కూడా ఇళ్లస్థలాల పేరిట మనకు చూపిస్తున్నది చెరువు శిఖమూ, వాగు పక్కా, డ్రెయిన్ గట్టూ. మెరక నేల కొనడానికి ప్రభుత్వానికి ధర ఎక్కువ, పల్లం చవక. అరవై సెంట్లలో ముప్పై ఇళ్లు కట్టే దళిత కాలనీ ఇరవై వేల చదరపు మీటర్ల హద్దును ఎన్నటికీ దాటదు. అందుకని ఏ అధ్యయనమూ అక్కర్లేదు. ప్రమాదకరమైన నేల మీద కట్టేముందు అధ్యయనం జరగాలని చట్టం అంటుంది. మనల్ని ప్రమాదకరమైన నేల మీద పెట్టడాన్ని మాత్రం సంక్షేమం అంటుంది.

కాబట్టి మేము అడిగేది ఇది. దళితులకు ఇళ్లస్థలం ఇచ్చేముందు, అది ఎన్ని సెంట్లయినా సరే, గత ముప్పై ఏళ్ల వరద మట్టం కొలిచి కాగితం మీద పెట్టాలి. ప్రభావ అధ్యయనాల్లో ఎస్సీ జనాభా అంకె చాలదు. పల్లె ఎంత పల్లంలో ఉంది, తాగునీరు ఎక్కడిది, బంజరు మీద ఎవరు బతుకుతున్నారు అనేది రాయాలి. ఒకే డ్రెయిన్‌లోకి నీళ్లు వదిలే చెరువులన్నిటినీ కలిపి ఒకటిగా లెక్కించాలి. ప్రజాభిప్రాయ సేకరణ పల్లెలో జరగాలి. మొత్తం రిపోర్టు తెలుగులో ముందుగా చేతికందాలి. మూసేటప్పుడు, కూల్చేటప్పుడు కూలీకి పరిహారం ముందు చెల్లించాలి.

ఇవన్నీ ప్రభుత్వం తనంతట తాను చేస్తుందని మేము అనుకోవడం లేదు. వారెన్ కౌంటీ జనానికి కూడా లెక్క తీసి పెట్టింది ప్రభుత్వం కాదు. విద్యార్థులకూ, పల్లెల్లో పనిచేసే మాస్టార్లకూ, కార్యకర్తలకూ మా విన్నపం ఒకటే. మీ మండలంలో ఒక్క ఊరు తీసుకోండి. ఊరి మెరక ఎంత, పల్లె పల్లం ఎంత కొలవండి. కిందటి వరదకు నీళ్లు గోడ మీద ఎంతదాకా వచ్చాయో గీత గీయండి. బోరు నీళ్లు ఎప్పటి నుంచి ఉప్పు తిరిగాయో ముసలివాళ్లను అడిగి, చెప్పిన మాట చెప్పినట్టు రాయండి. మా పల్లెలో ఆ పని మేము మొదలుపెట్టాం. నాయనమ్మ మంచం ఉన్న గది గోడ మీద అయిదు గీతలు దొరికాయి. పై గీత మా ఛాతీ దాకా ఉంది.